టెస్టోస్టెరాన్ 238 వచ్చింది, ఇంజెక్షన్ అంటున్నారు. పిల్లల కోసం చూస్తున్నాం, వేయించుకోవచ్చా?

మియాపూర్_మధు
వయసు 34. పెళ్లయి మూడేళ్లు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, ఎక్కువగా నైట్ షిఫ్టులు. చాలాకాలంగా కోరిక బాగా తగ్గిపోయింది. అంగస్తంభన కూడా మునుపటిలా లేదు. తెల్లవారుజామున నిద్రలో మామూలుగా వచ్చేది కూడా రావడం లేదు. మొదట్లో పని టెన్షన్ అనుకున్నాను. మా ఆవిడేమో తన మీద ఇష్టం పోయిందనుకుని లోలోపల బాధపడుతోంది. అది నాకు ఇంకా కష్టంగా ఉంది.

ఆఫీసులో సాయంత్రం హెల్త్ చెకప్ పెడితే అదనంగా డబ్బు కట్టి టెస్టోస్టెరాన్ కూడా చేయించాను. 238 వచ్చింది. 300 నుంచి 1000 దాకా నార్మల్ అని రిపోర్టులో ఉంది. ఆ కాగితం పట్టుకుని మగవాళ్ల క్లినిక్ ఒకదానికి వెళ్తే పది నిమిషాల్లో తేల్చేశారు. హార్మోన్ తక్కువ, మూడు వారాలకో ఇంజెక్షన్, ఆరు నెలల ప్యాకేజీ, మొత్తం ముందే కడితే తగ్గింపు. పిల్లల కోసం చూస్తున్నామని చెప్పాను. "దానికీ ఇదే మందు" అన్నారు. ఇంకో పరీక్ష రాయలేదు, ఒళ్లు చూడలేదు. వేయించుకోవచ్చా? వాడినవాళ్లు ఉంటే చెప్పండి.

జిమ్_సత్య
238 అంటే బాగా తక్కువ బ్రో. మా జిమ్‌లో చాలామంది తీసుకుంటున్నారు. రెండో డోసుకే ఒంట్లో ఊపు వస్తుంది, కోరిక కూడా పెరుగుతుంది. ఎక్కువ ఆలోచించకు.

ఓరుగల్లు_రాజు
సత్యా, పిల్లల కోసం చూస్తున్నామని ఆయన రాసింది చదివావా?

మా బావమరిది సంగతి చెప్తా. కోచ్ మాట విని ఇవే ఇంజెక్షన్లు పొడిపించుకున్నాడు. ఛాతీ, భుజాలు పెరిగాయి, పెళ్లి ఫొటోల్లో హీరోలా ఉన్నాడు. పిల్లలు కాకపోయేసరికి ఇంట్లోవాళ్లంతా ఆ అమ్మాయినే హాస్పిటళ్ల చుట్టూ తిప్పారు. స్కానింగులు, ట్యూబ్ టెస్టులు, మొక్కులు, అన్నీ అయ్యాయి. చివరికి ఒక డాక్టరమ్మ ఇతనికి వీర్య పరీక్ష రాస్తే కణాలు సున్నా. తక్కువ కాదు, సున్నా. ఇంజెక్షన్లు ఆపించి వేరే మందులు ఇస్తే ఏడాది దాటాక కౌంట్ వచ్చింది. ఇప్పుడు పాప ఉంది. కానీ ఆ అమ్మాయి అప్పటిదాకా పడ్డ మాటలు ఎవరు వెనక్కి తీసుకుంటారు?

గోదారి_వాసి
ఇదేం విడ్డూరం. మగ హార్మోన్ ఎక్కిస్తే వీర్యకణాలు పెరగాలి కదా, తగ్గడమేంటి?

ఎండో_విశాఖ
నేను ఎండోక్రైనాలజిస్టును, అంటే హార్మోన్ల డాక్టర్‌ని. మధు గారూ, ఆ ఇంజెక్షన్ వేయించుకోకండి. రాజు గారు చెప్పింది అక్షరాలా నిజం. నా దగ్గరికి ఇలాంటివాళ్లు క్రమం తప్పకుండా వస్తున్నారు.

గోదారి_వాసి గారి సందేహం సబబైనదే. వృషణాలు వాటంతట అవి పనిచేయవు. మెదడు కింద పిట్యూటరీ అనే చిన్న గ్రంథి ఉంటుంది. అది ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ అనే రెండు హార్మోన్లను పంపుతుంది. ఎల్‌హెచ్ వస్తే వృషణాలు టెస్టోస్టెరాన్ తయారుచేస్తాయి. ఎఫ్‌ఎస్‌హెచ్, ఆ టెస్టోస్టెరాన్ కలిస్తే వీర్యకణాలు తయారవుతాయి. రక్తంలో టెస్టోస్టెరాన్ ఎంత ఉందో మెదడు ఎప్పటికప్పుడు చూసుకుంటూ ఉంటుంది. బయటి నుంచి ఇంజెక్షన్ ఇస్తే, ట్యాంకు నిండింది కదా అని మోటారు కట్టేసినట్టు, పిట్యూటరీ ఆ రెండింటినీ ఆపేస్తుంది. వీర్యకణాల తయారీకి వృషణాల లోపల ఉండాల్సిన టెస్టోస్టెరాన్ రక్తంలో కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఇంజెక్షన్ రక్తంలో అంకెను పెంచుతుంది, లోపల మాత్రం ఖాళీ అవుతుంది. అందుకే వృషణాలు చిన్నవవుతాయి కూడా.

వారానికో టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ మగవాళ్లకు గర్భనిరోధకంగా పనికొస్తుందా అని ప్రపంచ ఆరోగ్య సంస్థ పరీక్షలు చేయించి, 1990లో ఫలితాలు ప్రకటించింది. పనికొచ్చింది! అలాంటి మందును పిల్లల కోసం వచ్చినవాళ్లకు రాయడం ఏం వైద్యం?

గోదారి_వాసి
ఫ్యామిలీ ప్లానింగ్ ఇంజెక్షన్ ఇచ్చి పిల్లల కోసం డబ్బు కట్టించుకుంటున్నారన్నమాట. ఇప్పుడు అర్థమైంది.

ల్యాబ్_రమణ
ముందు ఆ 238 మీదే నాకు అనుమానం. మధు, రక్తం సాయంత్రం ఇచ్చానన్నావు. టెస్టోస్టెరాన్ పొద్దున ఎక్కువ, సాయంత్రానికి తగ్గిపోతుంది. వయసులో ఉన్నవాళ్లలో ఈ తేడా ఇంకా ఎక్కువ. పరగడుపున, పొద్దున 7 నుంచి 10 లోపు ఇవ్వాలి. తిన్నాక ఇచ్చినా అంకె పడిపోతుంది. ఒకసారి తక్కువ వస్తే ఇంకో రోజు మళ్లీ చేయించాలి. రెండుసార్లూ తక్కువ వస్తేనే తక్కువ అనాలి. జ్వరంలోనో, అది తగ్గిన వెంటనేనో అస్సలు చేయించకూడదు.

నైట్ షిఫ్ట్ వాళ్లకు గడియారమే తారుమారు కాబట్టి, వరసగా కొన్ని రాత్రులు మామూలుగా పడుకున్నాక ఇస్తే మంచిది. జుట్టు కోసం బయోటిన్ బిళ్లలు వాడుతుంటే ముందే ల్యాబ్ వాళ్లకు చెప్పు. ఎక్కువ డోసు బయోటిన్ కొన్ని మెషీన్లలో హార్మోన్ రీడింగులను తప్పుగా చూపిస్తుంది.

జిమ్_సత్య
ఇన్ని రూల్సా! మా జిమ్ దగ్గర ల్యాబ్‌లో రాత్రి తొమ్మిదికి కూడా తీసుకుంటారు.

ల్యాబ్_రమణ
తీసుకుంటారు తమ్ముడూ, డబ్బులిస్తే అర్ధరాత్రి కూడా తీసుకుంటారు. రిపోర్టు దేనికి పనికొస్తుందన్నదే ప్రశ్న.

మందులషాపు_సుబ్బారావు
మధు గారూ, రోజూ ఏమేం మందులు వేసుకుంటున్నారు? చిన్నవి, పెద్దవి అనకుండా అన్నీ చెప్పండి. నిద్రకి, గ్యాస్‌కి, జుట్టుకి, దేనికైనా సరే.

మియాపూర్_మధు
పెద్దగా ఏమీ లేవు సార్. బీపీ, షుగర్ లేవు. బరువు మాత్రం 92 కిలోలు. పొద్దున పరగడుపున గ్యాస్ క్యాప్సూల్ ఒకటి. నైట్ షిఫ్టుల వల్ల కడుపు ఉబ్బరం, ఎప్పుడో డాక్టర్ రాస్తే తగ్గిందని కొనసాగిస్తున్నా. బయోటిన్ లేదు.

మందులషాపు_సుబ్బారావు
ఆ అట్ట వెనక ఏం రాసి ఉందో చూసి పేరు మొత్తం పెట్టండి.

మియాపూర్_మధు
రాబిప్రజోల్ 20, లెవోసల్పిరైడ్ 75.

మందులషాపు_సుబ్బారావు
అనుకున్నా. రాబిప్రజోల్ సంగతి సరే, అది ఆమ్లం తగ్గించేది. రెండోది లెవోసల్పిరైడ్. అది ప్రొలాక్టిన్ అనే హార్మోన్‌ను పెంచుతుంది. ఆడవాళ్లకు పాలు రావడానికి కారణమయ్యే హార్మోన్ అది, మగవాళ్లలోనూ కొద్దిగా ఉంటుంది. పెరిగితే కోరిక చచ్చిపోతుంది. కౌంటర్ మీద రోజూ చూస్తున్నాను, పాత చీటీ పట్టుకొచ్చి నెలల తరబడి ఇదే కొనుక్కెళ్తారు. చీటీలో రాసింది రెండు వారాలకు. "ఇన్నాళ్లు వద్దు బాబూ" అంటే పక్క షాపుకి వెళ్తారు. గ్యాస్ మాత్రల్లో కలిపే డోమ్‌పెరిడోన్ కూడా ఇదే బాపతు. మీకు ఇదే కారణమని నేను చెప్పలేను, డాక్టర్ గారు చెప్పాలి.

ఎండో_విశాఖ
సుబ్బారావు గారూ, అడగాల్సిన ప్రశ్న అడిగారు. ప్రొలాక్టిన్ పెరిగితే మెదడు నుంచి ఎల్‌హెచ్ సంకేతం తగ్గుతుంది, దాంతో టెస్టోస్టెరాన్ పడిపోతుంది, కోరిక పోతుంది, స్తంభన తగ్గుతుంది, వీర్యకణాలూ తగ్గవచ్చు. కొన్ని మానసిక వ్యాధుల మందులు కూడా ప్రొలాక్టిన్‌ను పెంచుతాయి, ముఖ్యంగా రిస్పెరిడోన్. కానీ వాటిని ఎవరూ సొంతంగా ఆపకూడదు, రాసిన డాక్టర్‌తో మాట్లాడి మార్పించుకోవాలి.

మధు గారు చేయించాల్సినవి: పొద్దున టెస్టోస్టెరాన్ మళ్లీ, దాంతోపాటు ఎస్‌హెచ్‌బీజీ, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్, ప్రొలాక్టిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), షుగర్, వీర్య పరీక్ష. ఎస్‌హెచ్‌బీజీ ఎందుకంటే, బరువు ఎక్కువున్నవాళ్లలో రక్తంలో టెస్టోస్టెరాన్‌ను మోసే ఈ ప్రొటీన్ తగ్గి, మొత్తం టెస్టోస్టెరాన్ ఉన్నదానికన్నా తక్కువగా కనిపిస్తుంది. పైగా కొవ్వు కణాలు టెస్టోస్టెరాన్‌ను ఈస్ట్రోజెన్‌గా మార్చేస్తాయి. ఒక్క అంకె చూసి మందు రాయకూడదనేది ఇందుకే. తలనొప్పి, పక్క చూపు తగ్గడం లాంటివి ఉన్నాయా? పిట్యూటరీలో గడ్డ ఉన్నా ప్రొలాక్టిన్ పెరుగుతుంది. చాలావరకు క్యాబర్గోలిన్ మాత్రలతోనే కుంచించుకుపోతుంది, భయపడాల్సిన పని లేదు.

మియాపూర్_మధు
తలనొప్పి, చూపు సమస్య ఏమీ లేవు సార్. రేపే హార్మోన్ల డాక్టర్ దగ్గర అపాయింట్‌మెంట్ తీసుకుంటా.

పల్లె_వైద్యం
ఇన్ని రక్తపరీక్షలెందుకు? అశ్వగంధ, శిలాజిత్ పాలల్లో వేసుకుని తాగితే సరిపోతుంది. మన పూర్వీకులు ల్యాబులకు వెళ్లారా?

మందులషాపు_సుబ్బారావు
ప్రొలాక్టిన్ పెంచే మాత్ర ఒక చేత్తో మింగుతూ ఇంకో చేత్తో శిలాజిత్ మింగితే ఏం లాభం చెప్పండి. ఇంకోమాట. బస్టాండు దగ్గర అమ్మే "శక్తి" పొడుల్లో సిల్డెనాఫిల్ (వయాగ్రాలో ఉండే మందు) కలిపి పట్టుబడినవి ఎన్నో. రాత్రికి రాత్రి పనిచేసిందంటే మూలిక మహిమ కాదు, చెప్పకుండా కలిపిన ఇంగ్లిష్ మందే. గుండె జబ్బు మాత్రలు వాడేవాడికి అది ప్రాణం మీదకు వస్తుంది.

ఎండో_విశాఖ
అశ్వగంధ మీద చిన్న చిన్న పరిశోధనలు ఉన్నాయి, కొద్దిపాటి ప్రయోజనం కనిపించింది కూడా. అయితే దానివల్ల కాలేయం దెబ్బతిన్న కేసులూ నమోదయ్యాయి. కారణం తెలుసుకోకుండా ఏదైనా వాడటమే నా అభ్యంతరం, అది ఆయుర్వేదమైనా అల్లోపతి అయినా.

కడప_కుర్రోడు
మధ్యలో దూరుతున్నా. వయసు 22. హస్తప్రయోగం వల్ల హార్మోన్ మొత్తం అయిపోతుందా? మా ఊరి రైల్వే గేటు పక్క గోడ మీద "నరాల బలహీనత, చిన్ననాటి చెడు అలవాట్లు" అని ఫోన్ నంబరుతో ఉంటుంది. అది చూసినప్పుడల్లా భయమేస్తుంది.

ఎండో_విశాఖ
అయిపోదు నాన్నా. వీర్యం పోతే టెస్టోస్టెరాన్ పోదు, నరాలూ బలహీనపడవు. వీర్యకణాలు శరీరంలో నిరంతరం తయారవుతూనే ఉంటాయి, ఒక విడత తయారవడానికి సుమారు రెండున్నర నెలలు పడుతుంది. వీర్యం పోతోందన్న భయంతోనే నీరసం, దిగులు, ఒళ్లునొప్పులతో వచ్చేవాళ్ల స్థితికి డాక్టర్ ఎన్.ఎన్. విగ్ 1960లో ధాత్ సిండ్రోమ్ అని పేరు పెట్టారు. జబ్బు ఆ భయమే. నీలాంటి పిల్లల భయం మీద ఆ గోడలు వ్యాపారం చేసుకుంటున్నాయి. నాకు చాలా కోపం వచ్చే విషయం ఇది.

ఓరుగల్లు_రాజు
ఆ గోడ రాతలు చట్టవిరుద్ధం కూడా. 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం ప్రకారం లైంగిక సామర్థ్యం పెంచుతామని మందులకు ప్రకటనలు ఇవ్వకూడదు. గోడలకేమో ఏటా కొత్త సున్నం, కొత్త నంబరు.

నెల్లూరు_లక్ష్మి
ఇందాకటి నుంచి చదువుతున్నా. ఒక భార్యగా ఒక మాట. మా ఇంట్లోనూ ఇలాగే జరిగింది. ఆయన నోరు విప్పలేదు. రాత్రి అవగానే ఫోన్ పట్టుకుని అటు తిరిగి పడుకునేవారు. వేరే ఎవరైనా ఉన్నారేమోనని నేను ఎంత కుమిలిపోయానో! చివరికి థైరాయిడ్ అని తేలింది. మాత్రలు మొదలుపెట్టాక మెల్లగా మామూలు మనిషయ్యారు. మధు తమ్ముడూ, రిపోర్టు మీ ఆవిడకు చూపించు. డాక్టర్ దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్లండి. తప్పు తనది కాదని నీ నోటితో నువ్వు చెప్తేనే తనకు నిమ్మళం.

మియాపూర్_మధు
ఇప్పుడే చూపించా అక్కా. ఈ చర్చ మొత్తం ఇద్దరం కలిసి చదివాం.

కువైట్_మల్లేష్
నాకు 46. షుగర్ ఉంది. ఇక్కడ డ్రైవర్ పని. సెలవు మీద ఊరికి పోయినప్పుడు స్తంభన సరిగా రావట్లేదు. ఇది కూడా హార్మోనేనా?

ఎండో_విశాఖ
మల్లేష్ గారూ, షుగర్ ఉన్నవాళ్లలో టెస్టోస్టెరాన్ తగ్గడం మామూలే, కాబట్టి చేయించండి. అయితే షుగర్ ఉన్నవాళ్లలో స్తంభన సమస్యకు హార్మోన్ కంటే రక్తనాళాలు, నరాలే ఎక్కువగా కారణం. కోరిక ఉండి స్తంభన రాకపోతే ముందు వాటినే అనుమానిస్తాం. కోరికే లేకపోతే హార్మోన్‌ను అనుమానిస్తాం.

ఇంకో ముఖ్యమైన సంగతి. అంగంలోని ధమనులు సుమారు 1 నుంచి 2 మిల్లీమీటర్లు, గుండె ధమనులు 3 నుంచి 4. కొవ్వు పేరుకుంటే సన్నవి ముందు మూసుకుపోతాయి. అందుకే స్తంభన సమస్య వచ్చిన కొన్నేళ్లకు గుండె సమస్య బయటపడటం చాలామందిలో చూస్తాం. సిగరెట్ ఉంటే మానేయండి. బీపీ, కొలెస్ట్రాల్, మూడు నెలల షుగర్ సగటు చూపించుకోండి. దీన్ని సిగ్గుపడే విషయంగా కాకుండా గుండె ముందే ఇచ్చిన సమాచారంగా తీసుకోండి.

కువైట్_మల్లేష్
సిగరెట్ రోజుకో పెట్టె సార్. గుండె మాట ఇంతవరకు ఎవరూ చెప్పలేదు. వచ్చే శుక్రవారం క్లినిక్‌కి పోతా.

డల్లాస్_వాసు
అందరూ ఇంజెక్షన్‌ను విలన్ చేసేశారు కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలి. నాకు క్లైన్‌ఫెల్టర్. పుట్టుకతో ఒక ఎక్స్ క్రోమోజోమ్ అదనం. సుమారు 600 మంది మగపిల్లల్లో ఒకరికి ఉంటుందంటారు, చాలామందికి తెలియనే తెలియదు. నాకు పెళ్లయ్యాకే తెలిసింది. టెస్టోస్టెరాన్ ఎన్నిసార్లు చేసినా తక్కువ, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ ఆకాశంలో. అంటే మెదడు అరుస్తున్నా వృషణాలు పలకడం లేదు. నాలాంటివాడికి టెస్టోస్టెరాన్ జీవితాంతం అవసరం. మొదలుపెట్టాక ఎముకల బలం, ఉత్సాహం, కోరిక అన్నీ మెరుగయ్యాయి.

కానీ మా డాక్టర్ మొదలుపెట్టే ముందే పిల్లల సంగతి అడిగి, చిన్న ఆపరేషన్‌తో వృషణం నుంచి కణాలు తీసి దాచిపెట్టించారు. ఇప్పటికీ హెమటోక్రిట్ (రక్తంలో ఎర్రకణాల శాతం), పీఎస్‌ఏ (ప్రొస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష) వరసగా చూస్తారు. రక్తం చిక్కబడి హెమటోక్రిట్ 54 శాతం దాటితే డోసు ఆపేస్తారు. ఇవేవీ చెప్పకుండా ప్యాకేజీ అమ్మే క్లినిక్కులు ఇక్కడ డల్లాస్‌లో కూడా ఉన్నాయి.

గోదారి_వాసి
వాసు గారూ, గుండెపోటు వస్తుందంటారు కదా ఈ ఇంజెక్షన్‌తో?

డల్లాస్_వాసు
2023లో ట్రావర్స్ అనే పెద్ద పరీక్ష ఫలితాలు వచ్చాయి. గుండె జబ్బు గానీ ఆ ముప్పు గానీ ఉండి, నిజంగా టెస్టోస్టెరాన్ తక్కువున్న 5,000 మందికి పైగా మగవాళ్ల మీద చేశారు. గుండెపోటు, పక్షవాతం ఉత్తుత్తి మందు వాడినవాళ్ల కంటే ఎక్కువ రాలేదు. గుండె లయ తప్పడం, ఊపిరితిత్తుల్లో గడ్డకట్టడం మాత్రం కొంచెం ఎక్కువగా కనిపించాయి. జిమ్‌లో వేసుకునే డోసులకు ఈ ఫలితం వర్తించదు, అది వేరే లెక్క.

జిమ్_సత్య
సరే, ఒప్పుకుంటున్నా, పిల్లలు కావాలనుకునేవాళ్లు వాడకూడదు. కానీ కాంపిటీషన్లకు వెళ్లే కుర్రాళ్లు ఒక సైకిల్, అంటే కొన్ని వారాల ఇంజెక్షన్ల కోర్సు, చేసి ఆపేస్తే మళ్లీ మామూలు అవుతుంది కదా?

ఎండో_విశాఖ
చాలామందికి అవుతుంది, అందరికీ కాదు. కణాలు తిరిగి రావడానికి ఆరు నెలల నుంచి ఏడాది, కొందరికి రెండేళ్లు. ఎక్కువకాలం, ఎక్కువ రకాలు కలిపి వాడినవాళ్లకు ఇంకా ఆలస్యం. ఆపిన తర్వాత ఒంట్లో సొంత హార్మోన్ ఉండదు, బయటిదీ ఉండదు. ఆ నెలల్లో తీవ్రమైన దిగులు, కోరిక లేకపోవడం వస్తాయి. దాన్ని భరించలేక మళ్లీ సూది పట్టుకుంటారు. సత్య గారూ, మీ జిమ్‌లో ఎవరైనా ఆపాలనుకుంటే సొంత హార్మోన్‌ను మళ్లీ రాబట్టడానికని హెచ్‌సీజీ, క్లోమిఫీన్ లాంటి మందులు కోచ్ చేతిలో పెడితే వాడొద్దనండి. అవి మేమూ ఇస్తాం, కానీ రక్తపరీక్షలు చూస్తూ ఇస్తాం.

జిమ్_సత్య
ఇద్దరు ముగ్గురు ఉన్నారు సార్. పంపిస్తా.

మియాపూర్_మధు
ఆలస్యమైంది, రిపోర్టులన్నీ చేతికొచ్చాక రాద్దామని ఆగా. సెలవు పెట్టి రాత్రుళ్లు పడుకుని పొద్దున ఎనిమిదికి రక్తం ఇచ్చా. టెస్టోస్టెరాన్ 261. రెండోసారి 254. ఎల్‌హెచ్ తక్కువ. థైరాయిడ్, షుగర్ నార్మల్. ప్రొలాక్టిన్ 86, ఉండాల్సింది 18 లోపు. వీర్యకణాలు తక్కువే, కానీ ఉన్నాయి.

ఇక్కడి డాక్టర్ గారు ఆ క్యాప్సూల్ ఆపించి, మామూలు ఆమ్లం మాత్ర మాత్రమే ఇచ్చారు. మందు ఆపాక ప్రొలాక్టిన్ మళ్లీ చూద్దాం, దిగకపోతే తలకు ఎంఆర్ఐ అన్నారు. దిగింది, 12. టెస్టోస్టెరాన్ 402. ఎంఆర్ఐ అవసరం లేదన్నారు. నిద్రలో వచ్చేది మళ్లీ మొదలైంది. మేమిద్దరం మళ్లీ మామూలుగా మాట్లాడుకుంటున్నాం, నవ్వుకుంటున్నాం. వీర్య పరీక్ష మూడు నెలలు గడిచాక మళ్లీ చేద్దామన్నారు. బరువు తగ్గమన్నారు. డే షిఫ్టుకు మార్చమని మేనేజర్‌ని అడిగా.

నెల్లూరు_లక్ష్మి
ఎంత సంతోషంగా ఉందో! మీ ఆవిడకు నా మాటగా చెప్పు, ఈ అక్క అడిగానని.

మందులషాపు_సుబ్బారావు
చల్లగా ఉండండి. పాత చీటీతో మందు కొనకండి, అంతే.

ల్యాబ్_రమణ
నిద్ర సంగతి తేలిగ్గా తీసుకోకు మధు. కుర్రాళ్లను వారం పాటు రాత్రికి ఐదు గంటలే నిద్రపోనిస్తే పగటి టెస్టోస్టెరాన్ 10 నుంచి 15 శాతం పడిపోయిందని షికాగో విశ్వవిద్యాలయం 2011లో చూపించింది. గురక గట్టిగా వస్తే అది కూడా చూపించుకో.

తెనాలి_సురేష్
మా నాన్నగారికి 61. స్టెంట్ పడింది. ఛాతీ నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకునే మాత్ర దగ్గర ఉంచుకుంటారు. స్నేహితుడెవరో నీలం మాత్ర ఇచ్చాడని నిన్న జేబులో చూశా. అడగాలంటే మొహమాటంగా ఉంది.

ఎండో_విశాఖ
మొహమాటం పక్కన పెట్టి ఈరోజే చెప్పండి. ఆ నాలుక కింది మాత్ర నైట్రేట్. దానితో ఆ నీలం మాత్రలో ఉండే సిల్డెనాఫిల్ కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం పోవచ్చు. సిల్డెనాఫిల్ వేసుకున్న 24 గంటల్లోపు, అదే రకం మందు టడలాఫిల్ అయితే 48 గంటల్లోపు నైట్రేట్ తీసుకోకూడదు. ఒకవేళ వేసుకున్నాక ఛాతీ నొప్పి వస్తే 108కి ఫోన్ చేసి, ఏ మాత్ర ఎప్పుడు వేసుకున్నారో ముందే చెప్పాలి. ప్రొస్టేట్ మందులు వాడుతుంటే అది కూడా చెప్పండి. స్టెంట్ ఉన్నంత మాత్రాన దాంపత్యం వదులుకోనక్కర్లేదు, వేరే దారులున్నాయి. గుండె డాక్టర్‌ని అడగమనండి, ఆయనకు ఇది కొత్త ప్రశ్న కాదు.

తెనాలి_సురేష్
ఇప్పుడే మాట్లాడా సార్. మాత్ర ఇంకా వేసుకోలేదట, నాకు ఇచ్చేశారు. హార్మోన్ పరీక్షలు కూడా చేయిద్దామంటే ఏ డాక్టర్ దగ్గరికి వెళ్లాలి? ప్రైవేటులో అంత పెట్టుకోలేం.

ఎండో_విశాఖ
ఎండోక్రైనాలజీ, లేదా యూరాలజీ. మీకు విశాఖ కేజీహెచ్, తిరుపతి స్విమ్స్, హైదరాబాద్‌లో నిమ్స్, ఉస్మానియా ఉన్నాయి. ఓపీ చీటీ దగ్గర హార్మోన్ల డాక్టర్ అంటే చాలు, కారణం అక్కడ అందరి ముందూ చెప్పక్కర్లేదు. స్టెంట్ కాగితాలు, వాడుతున్న మందుల అట్టలన్నీ సంచిలో వేసుకుని వెళ్లండి. పరగడుపున వెళ్తే రక్తం ఆరోజే ఇవ్వొచ్చు.